పాలీపిల్ సమీక్ష: గుండె మందులన్నీ ఒకే బిళ్ళలో ఉంటే మంచిదేనా?

గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకుని ఇంటికి చేరినవాళ్ళ మందుల సంచిలో ఐదారు స్ట్రిప్పులు మామూలే. రక్తం గడ్డకట్టకుండా రెండు రకాలు, కొలెస్ట్రాల్‌కు ఒకటి, బీపీకి ఒకటో రెండో, గ్యాస్‌కు ఒకటి. షుగర్ ఉంటే ఆ మందులు అదనం. మొదటి రెండు మూడు నెలలు భయం కొద్దీ అన్నీ వేళకే పడతాయి. ఒంట్లో బాగుందనిపించగానే ముందు కొలెస్ట్రాల్ బిళ్ళ ఆగుతుంది, దాని వెనకే బీపీ బిళ్ళ. గ్యాస్ బిళ్ళ మాత్రం ఎవరూ మానరు, దాని గుణం అప్పటికప్పుడే తెలుస్తుంది కాబట్టి. మానినా ఏమీ తెలియని మందులే ఇక్కడ ప్రాణం కాపాడేవి. 2011లో వెలువడిన ప్యూర్ అధ్యయనం ప్రకారం పేద దేశాల్లో గుండెజబ్బో పక్షవాతమో వచ్చినవాళ్ళలో 80 శాతం మంది నిరూపితమైన మందుల్లో ఒక్కటి కూడా వాడటం లేదు.

ఈ చిక్కు విప్పడానికి పుట్టిందే పాలీపిల్. ఆస్పిరిన్, ఒక స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు), ఒకటో రెండో బీపీ మందులు కలిపి ఒకే బిళ్ళగానో క్యాప్సూల్‌గానో చేస్తారు; రోజుకు ఒకటి మింగితే సరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వీటిని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మా మాట ముందే చెబుతాం: ఆలోచన గట్టిది, దాని వెనక రుజువులూ గట్టివే, మన షాపుల్లో దొరికే సరుకు మాత్రం ఆ ఆలోచనకు పూర్తిగా సరితూగదు. చాలామందికి ఒకే బిళ్ళ కన్నా రెండు స్ట్రిప్పుల ఏర్పాటు మేలు. ఎందుకో చూద్దాం.

పరిశోధన ఏం తేల్చింది

2003లో వాల్డ్, లా అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఆరు మందులు కలిపిన బిళ్ళను 55 ఏళ్ళు దాటిన అందరికీ ఇస్తే గుండెపోట్లు, పక్షవాతాలు 80 శాతానికి పైగా తగ్గుతాయని లెక్కగట్టారు. అది కాగితం మీది లెక్క. మనుషుల మీద పరీక్షించాక ఆ స్థాయి ఫలితం ఎక్కడా రాలేదు. వచ్చినంత కూడా తీసిపారేయదగ్గది కాదు.

తెలుగువాళ్ళకు దగ్గరి సంగతి అంపైర్ పరీక్ష. దానికి వాడిన ‘రెడ్ హార్ట్ పిల్’ను తయారుచేసింది హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్. ఒక రకంలో ఆస్పిరిన్ 75, సిమ్వాస్టాటిన్ 40, లిసినోప్రిల్ 10, అటెనోలాల్ 50 మిల్లీగ్రాములు. రెండో రకంలో అటెనోలాల్ బదులు హైడ్రోక్లోరోథయజైడ్ 12.5, అంటే ఒంట్లో నీరు మూత్రంగా పోయేలా చేసే బీపీ మందు; థయజైడ్ అన్నా ఇదే. భారత్‌లోనూ ఇంగ్లండ్, ఐర్లండ్, నెదర్లాండ్స్‌లోనూ 2,004 మంది పాల్గొన్నారు. 2013లో ఫలితాలు వచ్చాయి. చివరికి మందులు సక్రమంగా వాడుతున్నవాళ్ళు పాలీపిల్ వర్గంలో 86 శాతం, విడివిడి మందుల వర్గంలో 65 శాతం. పై బీపీలో తేడా సగటున 2.6 పాయింట్లే, ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్‌లో 4 పాయింట్లే. ఇంత చిన్న తేడాకు ఇంత హడావిడా అనిపించొచ్చు. మొదట్నుంచీ మందులు సరిగా వేసుకోనివాళ్ళను వేరుగా చూస్తే అసలు విషయం బయటపడుతుంది. ఆ గుంపులో పాలీపిల్ ఇచ్చినవాళ్ళలో 77 శాతం మంది దారిలోకి వచ్చారు, విడి మందుల మీద ఉన్నవాళ్ళలో 23 శాతమే. అంటే వేళ తప్పకుండా మందులు వేసుకునేవారికి ఈ బిళ్ళ కొత్తగా ఇచ్చేది కొంచెమే. మరిచిపోయేవారికి, విసుగొచ్చి మానేసేవారికి ఇచ్చేది చాలా ఎక్కువ. కొనేముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఈ మనిషి ఏ రకం?

గుండెపోట్లు నిజంగా తగ్గాయా అన్నది ఆ తర్వాతి మూడు పరీక్షలు చూశాయి. ఇరాన్ పల్లెల్లో 6,838 మంది మీద ఐదేళ్ళు జరిగిన పాలీఇరాన్‌లో గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ఘటనలు 8.8 శాతం నుంచి 5.9కి దిగాయి. రామిప్రిల్ జాతి మందుతో దగ్గొచ్చే వాళ్ళ కోసం అక్కడ ముందే రెండో రకం బిళ్ళ సిద్ధంగా ఉంచారు, ఆ జాతికే చెందిన ఎనలాప్రిల్ తీసి వల్సార్టాన్ పెట్టి. మన కంపెనీలు నేర్చుకోవాల్సిన పద్ధతి అది. భారతీయులు పెద్ద సంఖ్యలో పాల్గొన్న టిప్స్-3లో గుండెజబ్బు ఇంకా రానివాళ్ళు 5,713 మందిని సగటున 4.6 ఏళ్ళు గమనించారు. అక్కడి పాలీపిల్‌లో ఆస్పిరిన్ లేదు, విడిగా ఇచ్చారు. పాలీపిల్‌తో పాటు ఆస్పిరిన్ కూడా తీసుకున్నవాళ్ళలో ఘటనలు 4.1 శాతం, రెండూ ఉత్తుత్తి బిళ్ళలే అయినవాళ్ళలో 5.8 శాతం. యూరప్‌లో జరిగి 2022లో ఫలితాలు వెలువడిన సెక్యూర్ పరీక్షలో ఆరునెలల్లోపు గుండెపోటు వచ్చిన 2,499 మంది పెద్దవయసువాళ్ళు ఉన్నారు. ఆస్పిరిన్ 100, అటోర్వాస్టాటిన్ 20 లేదా 40, రామిప్రిల్ 2.5 నుంచి 10 వరకు ఉన్న క్యాప్సూల్ ఇచ్చారు. ఘటనలు 12.7 నుంచి 9.5 శాతానికి తగ్గాయి. అక్కడ అటోర్వాస్టాటిన్‌లో రెండు మోతాదులు, రామిప్రిల్‌లో మూడు మోతాదులు ఉన్నాయన్నది గుర్తుపెట్టుకోండి. మన సమీక్ష మలుపు తిరిగేది అక్కడే.

మన షాపులో దొరికేది

భారత్‌లో అందరికన్నా ముందు పేరు తెచ్చుకున్న పాలీపిల్ అహ్మదాబాద్ క్యాడిలా ఫార్మాస్యూటికల్స్ వారి ‘పాలీక్యాప్’. ఆస్పిరిన్ 100, సిమ్వాస్టాటిన్ 20, రామిప్రిల్ 5, అటెనోలాల్ 50, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మిల్లీగ్రాములు, ఐదూ ఒకే క్యాప్సూల్‌లో. 2,053 మంది భారతీయుల మీద జరిగి 2009లో ఫలితాలు వచ్చిన మొదటి టిప్స్ పరీక్షలో దీనితో పై బీపీ 7.4 పాయింట్లు తగ్గింది. ఐదు మందులు ఒకదాని పని ఒకటి చెడగొట్టుకోకుండా ఒకే గొట్టంలో ఇమిడాయని నిరూపించిన మందు ఇది. ఆ గౌరవం దీనికి దక్కాల్సిందే.

గుండెపోటు వచ్చినవారికి మాత్రం ఈ పాళ్ళు ఇప్పుడు సరిపోవు. మొదటి లోపం స్టాటిన్. గుండెపోటు తర్వాత ఎల్‌డీఎల్ 55 లోపుకు దించాలంటున్నారు. ఒకరికి మందు లేనప్పుడు 140 ఉందనుకోండి. సిమ్వాస్టాటిన్ 20 గానీ అటోర్వాస్టాటిన్ 10 గానీ దాన్ని సుమారు 90 దగ్గరికి తెస్తాయి. అటోర్వాస్టాటిన్ 40 అయితే 70 దగ్గరికి. దానికి ఎజెటిమైబ్ అనే మరో కొలెస్ట్రాల్ మందు 10 కలిపితే 57 దరిదాపుల్లోకి. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేసిన ప్రతిసారీ అదనంగా దొరికేది ఆరు శాతమే, కాబట్టి బలహీనమైన మోతాదుతో మొదలుపెట్టి లెక్క సరిచేయడం కష్టం. ఇంకో చిక్కు, సిమ్వాస్టాటిన్‌కు తోడుగా అమ్లోడిపిన్ వాడేవారికి 20 మిల్లీగ్రాములు దాటి ఇవ్వకూడదు. బీపీకి అమ్లోడిపిన్ వాడనివాళ్ళు మన దగ్గర ఎంతమంది?

రెండో లోపం అటెనోలాల్, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ జాతి మందు. ఉబ్బసం ఉన్నవారికి ఇది పనికిరాదు. 2002 నాటి లైఫ్ పరీక్షలో లోసార్టాన్‌తో పోలిస్తే అటెనోలాల్ వర్గంలో పక్షవాతాలు ఎక్కువ వచ్చాయి. గుండె పంపింగ్ బాగా ఉన్నవారికి గుండెపోటు తర్వాత ఈ జాతి మందు అసలు అవసరమా అన్న దానిమీద కూడా ఈ మధ్య పరీక్షలు ఒక మాట మీద లేవు. 2024లో 5,020 మందితో వచ్చిన రెడ్యూస్-ఏఎంఐలో లాభం కనిపించలేదు. క్యాప్సూల్‌లో ఉంది కాబట్టి మింగాల్సి రావడం ఇక్కడి ఇబ్బంది. ఇష్టం వచ్చినట్టు ఆపడానికీ లేదు. అటెనోలాల్‌ను ఉన్నపళంగా ఆపితే గుండె వేగం, బీపీ ఎగదన్ని ఛాతీనొప్పి తిరగబెట్టొచ్చు. స్టాకు అయిపోయి నాలుగు రోజులు మందు దొరకకపోతే ఐదు మందులూ ఒకేసారి ఆగిపోతాయి, వాటిలో ఇదీ ఒకటి. పాలీక్యాప్ లాంటిది వాడేవారు కనీసం రెండు వారాల సరుకు చేతిలో ఉంచుకోవాలి, అన్ని షాపుల్లో దొరికే మందు కాదు కాబట్టి.

ఇక ఎక్కడైనా దొరికేవి, ఎక్కువమంది దగ్గర ఉండేవి వేరు. ఎకోస్ప్రిన్ ఏవీ అంటే ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్. ఎకోస్ప్రిన్ గోల్డ్ అంటే ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75, అటోర్వాస్టాటిన్ 10 లేదా 20. ఇతర కంపెనీల ‘గోల్డ్’లూ ఇంచుమించు ఇదే తీరు, కొన్నిటిలో అటోర్వాస్టాటిన్ బదులు రోసువాస్టాటిన్. మూడు మందులు ఒక్కదాంట్లో ఉన్నాయి కదా, ఇదే పాలీపిల్ అని చాలామంది అనుకుంటారు. కాదు. ఇందులో బీపీ మందు లేదు. రక్తాన్ని పలచబరిచే మందులు రెండున్నాయి, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. స్టెంట్ వేశాక ఆ జంట సాధారణంగా ఏడాదిపాటు, కొందరికి ఆరు నెలలే. ఆ తర్వాత చాలామందికి ఒకటి చాలు. ఒకే క్యాప్సూల్‌లో కలిసిపోవడం వల్ల క్లోపిడోగ్రెల్ ఎప్పుడు ఆపాలన్న ప్రశ్న ఎవరికీ గుర్తురాదు. పాత చీటీ చూపించి అదే స్ట్రిప్పు ఐదారేళ్ళు తెచ్చుకుంటూనే ఉంటారు. కడుపులో రక్తస్రావం, మలం తారులా నల్లగా రావడం, ఊరికే ఒళ్ళంతా కమిలిన మచ్చలు, వీటి వెనక తరచూ ఈ ఆగని జంటే ఉంటుంది. సొంతంగా ఆపడం ఇంకా ప్రమాదం, మొదటి నెలల్లో ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టొచ్చు. డిశ్చార్జి అయ్యేటప్పుడే క్లోపిడోగ్రెల్ ఏ నెల దాకా అని డాక్టరు చేత చీటీ మీద రాయించుకోవాలి.

క్యాప్సూల్ విప్పితే

ఇలాంటి క్యాప్సూల్‌ను పట్టుకుని ఊపితే లోపల చిన్న బిళ్ళలో గుళికలో కదిలే చప్పుడు వినిపిస్తుంది. అన్నీ కలిపి పొడి చేసి నింపకపోవడానికి కారణం ఉంది. ఆస్పిరిన్ ఆమ్ల గుణం గలది, తేమ తగిలితే విరిగి వెనిగర్ వాసన వస్తుంది. అటోర్వాస్టాటిన్‌కు ఆమ్లం పడదు. రామిప్రిల్ తేమకూ ఒత్తిడికీ పాడైపోతుంది. అందుకని ఒక్కోదానికి విడిగా పూత వేసి పక్కపక్కన సర్దుతారు. ఆస్పిరిన్ మీది పూత పొట్టలో కరగకుండా పేగుల్లో కరిగేలా చేసిందై ఉంటుంది. కాబట్టి మింగలేకపోతున్నారని క్యాప్సూల్ విప్పి నీళ్ళలో కలపడం, నూరి ముక్కు గొట్టంలో పోయడం కూడదు. పక్షవాతం వచ్చి గొట్టం ద్వారా ఆహారం తీసుకునేవారికి పాలీపిల్ పనికిరాదు, విడి మందులే రాయించుకోవాలి.

వారానికి సరిపడా గదుల డబ్బాలో సర్దుకునే అలవాటు మంచిదే. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్ళలో స్ట్రిప్పు చించి నెలకు సరిపడా ఒకేసారి పోసిపెట్టుకోవడం మాత్రం వద్దు. స్ట్రిప్పును గడి గడిగా కత్తెరతో కత్తిరించి రేకుతో సహా డబ్బాలో వేసుకుంటే మందు చెడదు. డబ్బా మూత తీసినప్పుడు పులుపు వాసన వస్తే ఆ సరుకు పారేయండి.

మారేటప్పుడు జరిగే పొరపాటు

విడి మందుల నుంచి కలిపిన బిళ్ళకు మారాక ఎక్కువగా జరిగేది ఒకటే: పాత స్ట్రిప్పులు ఇంట్లోనే ఉంటాయి, కొత్తదానితో పాటు అవీ పడిపోతుంటాయి. ఆస్పిరిన్ రెండింతలు, స్టాటిన్ రెండింతలు, బీపీ మందు రెండింతలు. నాలుగో రోజుకు లేవగానే కళ్ళు తిరిగి పడిపోతారు. మారే రోజునే పాత స్ట్రిప్పులన్నీ ఒక కవరులో కట్టి పక్కన పెట్టాలి. ఇంకో పొరపాటు షాపులో జరుగుతుంది. 75/10 ఉన్న చోట 75/20, ‘ఏవీ’ ఉన్న చోట ‘గోల్డ్’ చేతికి వస్తుంది. పెట్టె రంగు ఒకటే, పేరు ఒకటే, వెనకున్న చిన్న అక్షరాల్లోనే తేడా. బ్రాండు పేరు చూసి కొనకండి. మందుల పేర్లూ మిల్లీగ్రాములూ కాగితం మీద రాసుకుని స్ట్రిప్పు వెనక్కి తిప్పి పోల్చుకోండి.

మారాక మొదటి వారం పొద్దునా సాయంత్రం ఇంట్లోనే బీపీ చూసి రాసుకోవాలి, ఐదు నిమిషాలు కూర్చున్నాక, రెండుసార్లు. రామిప్రిల్ జాతి మందు కొత్తగా చేరితే ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం పరీక్ష. కొలెస్ట్రాల్ ఆరు వారాలకు. ‘బీపీకి మంచిది’ అని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది, రామిప్రిల్‌తో కలిస్తే పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి మరీ. రామిప్రిల్ వాడేవాళ్ళలో పదిమందికి ఒకరికి గొంతులో గరగర, పొడి దగ్గు పట్టుకుంటుంది. దగ్గు మందులు ఎన్ని తాగినా పోదు, మందు మార్చాకే పోతుంది, అదీ కొన్ని వారాలు తీసుకుని. బదులుగా టెల్మిసార్టాన్ ఇస్తారు. 25,620 మందిమీద జరిగిన ఆన్‌టార్గెట్ పరీక్షలో 2008లోనే ఇది రామిప్రిల్‌కు సాటి అని తేలింది. పెదాలు, నాలుక వాస్తే మాత్రం అది దగ్గు లాంటిది కాదు, వెంటనే ఆస్పత్రికి.

ఇష్టం వచ్చినట్టు విడదీయలేని బిళ్ళ

పాలీపిల్ మీద మాకున్న అసలు అభ్యంతరం ఇది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, ఎండదెబ్బకు ఒంట్లో నీరు లాగేసినా రామిప్రిల్, థయజైడ్ కొన్ని రోజులు ఆపాల్సి రావొచ్చు, లేకపోతే కిడ్నీ దెబ్బతింటుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో పనిచేసే మనిషికి ఇది ఊహాగానం కాదు. ఆ రోజుల్లో ఆస్పిరిన్, స్టాటిన్ మాత్రం కొనసాగాలి. డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతే అందుకు సరిగ్గా తిరగేసి: ఆస్పిరిన్ ఆపాలా అన్నది స్టెంట్ ఎప్పుడు వేశారో చూసి గుండె డాక్టరు చెప్పాలి, స్టాటిన్ సంగతి వేరు, బీపీ మందు సంగతి వేరు. ఆపరేషన్ ముందూ అంతే. ఒక్క బిళ్ళలో ఉంటే అన్నీ ఉంచడమో అన్నీ ఆపడమో తప్ప మధ్యదారి లేదు.

ఒకే బిళ్ళ వాడేవారికి ఒక ఉపాయం: ఉత్త ఆస్పిరిన్ 75 ఒక స్ట్రిప్పు, ఉత్త అటోర్వాస్టాటిన్ ఒక స్ట్రిప్పు వేరే కవరులో ఉంచుకుని, జబ్బు చేసినప్పుడు ఏది వాడాలో, ఏది ఆపాలో డాక్టరు చేత ముందే ఆ కవరు మీద రాయించుకోవడం. జన ఔషధి కేంద్రాల్లో ఇవి చవకగా దొరుకుతాయి.

ఇంతకన్నా బాగున్నది మొదట్లో చెప్పిన రెండు స్ట్రిప్పుల ఏర్పాటు. రాత్రి భోజనం తర్వాత ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ కలిసిన బిళ్ళ, అందులో స్టాటిన్ మోతాదు చాలకపోతే దాని బదులు ఆస్పిరిన్ విడిగా, అటోర్వాస్టాటిన్ 40 విడిగా. పొద్దున బీపీకి టెల్మిసార్టాన్, అమ్లోడిపిన్ కలిసిన బిళ్ళ, అవసరమైతే క్లోర్‌థాలిడోన్ కూడా కలిసినది. శ్రీలంకలో 700 మందిమీద చేసిన ట్రయంఫ్ పరీక్షలో ఈ మూడింటినీ సగం మోతాదుల్లో కలిపి ఇస్తే ఆరు నెలలకు 70 శాతం మందికి బీపీ అదుపులోకి వచ్చింది, మామూలు వైద్యంతో 55 శాతానికే. గుండెను కాపాడే బిళ్ళ రాత్రి, బీపీ బిళ్ళ పొద్దున అని ఎవరికైనా గుర్తుంటుంది. నీరసపడ్డ రోజున పొద్దుటిది ఆపమంటే రాత్రిది ఆగదు.

మరి పాలీపిల్ ఎవరికి? బీపీ, కిడ్నీ పరీక్షలు నిలకడగా ఉండి, మోతాదులు ఇప్పటికే ఆ బిళ్ళలోని పాళ్ళకు సరిపోయి, చాలా బిళ్ళలంటేనే విసిగిపోయి మానేస్తున్నవారికి. ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళకు, ఊళ్ళు తిరిగే డ్రైవర్లకు. వాళ్ళ విషయంలో పాళ్ళు కొంచెం అటూఇటూ అయినా మింగని మంచి మందు కన్నా మింగే మందే నయం. గుండెజబ్బు ఇంతవరకు రానివాళ్ళు మాత్రం షాపులో అడిగి కొనుక్కోవద్దు. 15,480 మంది షుగర్ రోగుల మీద జరిగిన అసెండ్ పరీక్షలో ఆస్పిరిన్ వల్ల గుండె ఘటనలు 9.6 నుంచి 8.5 శాతానికి తగ్గాయి, పెద్ద రక్తస్రావాలు 3.2 నుంచి 4.1కి పెరిగాయి. వచ్చింది పోయినదానికి దాదాపు సరిపోయింది. గర్భిణులు, గర్భం కోరుకుంటున్నవారు రామిప్రిల్, టెల్మిసార్టాన్ ఉన్నవి అసలు వాడకూడదు. పొట్టలో పుండు ఉన్నవారు ఆస్పిరిన్ సంగతి ముందే చెప్పాలి; గ్యాస్ బిళ్ళ తప్పదంటే, క్లోపిడోగ్రెల్ వాడేవారికి ఒమెప్రజోల్ కన్నా పాంటోప్రజోల్ మంచిది, పరగడుపున.

కలవకూడనివి రెండు, మెడికల్ షాపులో తరచూ చేతికొచ్చేవే. మోకాళ్ళ నొప్పులకు కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్: రామిప్రిల్, థయజైడ్‌లతో కలిస్తే కిడ్నీ మీద మూడు వైపుల నుంచి దెబ్బ, పైగా ఐబుప్రొఫెన్ ఆస్పిరిన్ పనిని అడ్డుకుంటుంది. నొప్పికి పారాసెటమాల్ వాడుకోవచ్చు. రెండోది తామరకు రాసే ఇట్రాకొనజోల్. సిమ్వాస్టాటిన్‌తో ఇది అసలు కూడదు, అటోర్వాస్టాటిన్‌తో కూడా జాగ్రత్త. కండరాలు కరిగి మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తుంది. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా పాలీపిల్ స్ట్రిప్పు జేబులో పెట్టుకుని వెళ్ళండి. ‘గుండె బిళ్ళ ఒకటి వాడుతున్నా’ అంటే అందులో ఐదు మందులున్నాయని ఎదుటివారికి తెలియదు.